హావొడ్ గుమ్మంలో అడగని మాట

మా లాన్‌గెలిన్‌లో ఇంటిపేర్లతో ఎవరికీ పనిలేదు. ఉన్న నాలుగైదు ఇంటిపేర్లనే ఊరంతా పంచుకుంటుంటే వాటితో ఎవర్ని గుర్తుపడతాం? అందుకే మాకు రొట్టెల హ్యూ ఉన్నాడు, బొగ్గుల హ్యూ ఉన్నాడు, చాపెల్‌లో ప్రార్థన మొదలవగానే కళ్ళు తుడుచుకునే ఏడుపు హ్యూ కూడా ఉన్నాడు. టెగ్వెన్‌కు మాత్రం రెండు పేర్లు. ఊరి వెనక, పలకరాతి గుట్టలకు పైన, కొండ మీద ఒంటరిగా ఉండే పొలం ఇంటి పేరు హావొడ్. ఆ ఇంట్లో పుట్టింది కాబట్టి హావొడ్ టెగ్వెన్. పెళ్ళై కిందికి దిగి, ముప్ఫై ఏళ్ళు సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ ఉత్తరాలు పంచాక పోస్టు టెగ్వెన్ అయింది. రెండో పేరు ఆమె తన కాళ్ళతో సంపాదించుకున్నది. ఎవరైనా పొరపాటున మొదటి పేరుతో పిలిస్తే వినపడనట్టు వెళ్ళిపోయేది. ఎందుకో అప్పట్లో నాకు తెలియదు. పక్కింట్లో ఉండి, ఆమె పొయ్యి మీద ఏం ఉడుకుతోందో వాసన చూసి చెప్పగల నాకే తెలియలేదంటే ఆ సంగతిని ఎంత లోతున దాచిందో మీరే ఆలోచించండి.

హావొడ్ వాకిలి పక్కనుంచి ఒక కాలిదారి కొండెక్కి అవతలి లోయలోకి దిగుతుంది. అక్కడ మా పాత చర్చి ఉంది. మా ఊళ్ళో శ్మశానం లేని రోజుల్లో శవపెట్టెలను భుజాల మీద ఆ దారినే మోసుకెళ్ళేవారు. సగం దారిలో బల్లంత పలకరాయి ఒకటి పరిచి ఉంటుంది. పెట్టెను దాని మీద దింపి ఊపిరి తీసుకునేవారు. దాన్ని దింపుడు రాయి అంటాం. టెగ్వెన్ భర్త ఇద్రిస్, రైల్వేలో సిగ్నళ్ళు వేసేవాడు, ఆ చర్చి ఆవరణలోనే తన తాతల పక్కన పడుకుని ఉన్నాడు. మా అమ్మానాన్నా అక్కడే.

ఈస్టరుకు ముందు వచ్చే ఆదివారం మాకు పూల ఆదివారం. ఆ రోజు ఊరంతా బకెట్లు, బ్రష్షులు, పసుపుపచ్చ డాఫొడిల్ పూల కట్టలు పట్టుకుని కొండెక్కుతుంది. రాళ్ళను కడిగి, నాచు గీకి, పూలు పెట్టి వస్తాం. సమాధిని మురికిగా వదిలేసిన ఇంటి గురించి ఊళ్ళో ఏడాదంతా చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో నేనే ముందుంటాను, దాచడం ఎందుకు.

దారిలో ఆడవాళ్ళం హావొడ్ గుమ్మం దగ్గర ఆగేవాళ్ళం. టీలో నానబెట్టిన ఎండుద్రాక్ష వేసి చేసిన బారా బ్రిత్ రొట్టె ఒకటి ఆ ఇంటావిడ చేతిలో పెట్టి, "దాటి వెళ్ళొచ్చా అమ్మా?" అని అడిగేవాళ్ళం. "అయ్యో, దానికేం, వెళ్ళి రండి, గేటు మాత్రం వేసుకోండి" అనేది ఆవిడ. మగవాళ్ళు గుమ్మం దాకా వచ్చేవారు కాదు. మలుపు దగ్గరే ఆగి, ఇంటికి వీపు పెట్టి నిలబడి పైపుల్లో పొగాకు నింపుకునేవారు. రొట్టె ఇవ్వడం ఆడవాళ్ళ పని అనుకునేదాన్ని.

పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో టెగ్వెన్ తమ్ముడు ఇస్లుయిన్ మోకాళ్ళు అరిగిపోయి గొర్రెల వెనక తిరగలేక హావొడ్ అమ్మేశాడు. సరిహద్దు అవతలి ఇంగ్లీషు వాళ్ళ వైపునుంచి హార్గ్రీవ్ అనే ఆయన వచ్చి కొనుక్కున్నాడు. పొడుగ్గా, శుభ్రంగా ఉంటాడు, కుక్కలతో తప్ప ఎవరితోనూ మాట్లాడడు. ఒక గురువారం టెగ్వెన్ ఎప్పటిలాగే మొగుడి సమాధి దగ్గరికని కొండెక్కి, గంట తిరక్కముందే వెనక్కి వచ్చి నా వంటింటి తలుపు దగ్గర నిలబడింది.

"తాళం పడింది నెస్టా."

"ఎవరింటికి?"

"ఇద్రిస్‌కి."

హావొడ్ గేటుకు గొలుసు, గొలుసుకు తాళం, పక్కన ఎవరూ రాకూడదని బోర్డు. రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్తే తొమ్మిది మైళ్ళు, ఆ లోయకు బస్సు లేదు. నేను హార్గ్రీవ్‌ను, ఆయన కుక్కలను, ఆయన్ని కన్నవాళ్ళను వరసగా తిట్టడం మొదలుపెట్టాను. టెగ్వెన్ కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పి, మళ్ళీ గట్టిగా కట్టుకుంది.

"తిట్టడం అయ్యాక చెప్పు," అంది. "కౌంటీ ఆఫీసుకు వెళ్ళాలి."

ఆఫీసులో చెప్పింది ఏమిటంటే, జనం ఆ దారిన ఇరవై ఏళ్ళు తమ హక్కుగా నడిచారని రుజువైతే దాన్ని మ్యాపులో వేస్తారు. మ్యాపులో పడితే ఎవరూ తాళం వేయలేరు. టెగ్వెన్ ఫారాల కట్ట తెచ్చుకుంది. ఊళ్ళో ఏ తలుపు ఎంత గట్టిగా కొడితే తెరుచుకుంటుందో ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? వానలో, ఎండలో, పాత సంచీలోనే ఫారాలు వేసుకుని తిరిగింది. నలభై మూడు మంది సంతకాలు పెట్టారు.

మరుసటి ఏడు వేసవిలో విచారణ పెట్టారు, మా మెమోరియల్ హాల్లో. సన్నగా ఉన్న ఒకావిడ విచారణాధికారిగా వచ్చింది. హార్గ్రీవ్ తరఫున ఒక ప్లీడరు, ఎంత మర్యాదస్తుడంటే కుర్చీని కూడా క్షమాపణ అడిగి జరిపేలా ఉన్నాడు. మొదటి సాక్షిని నేనే. కొత్త టోపీ పెట్టుకుని వెళ్ళాను.

"మీరు ఆ దారిన ఎన్నేళ్ళుగా నడుస్తున్నారమ్మా?" అన్నాడు ప్లీడరు.

"నడక వచ్చినప్పటి నుంచీ."

"హావొడ్ వాళ్ళను అడిగి వెళ్ళేవారా, అడక్కుండానా?"

నాకు ఒళ్ళు మండింది. "అడక్కుండా ఎలా వెళ్తామండీ? మేమేమన్నా గొర్రెలమా? ప్రతి ఏడూ గుమ్మంలో నిలబడి, రొట్టె చేతిలో పెట్టి, వెళ్ళొచ్చా అని అడిగే వెళ్ళాం."

"ప్రతి ఏడూ?"

"మా అమ్మ అడిగింది. నేను అడిగాను. మా కోడలు కూడా అడుగుతుంది, దానికి మిగతా విషయాల్లో ఎంత పొగరున్నా."

హాలంతా నవ్వింది. ప్లీడరు తల వంచి, "చాలా సాయం చేశారమ్మా" అన్నాడు. గెలిచినదానిలా దిగి వచ్చాను. నా తర్వాత రొట్టెల హ్యూ భార్య లేచి, తమ ఇంటినుంచి ఒకటి కాదు రెండు రొట్టెలు వెళ్ళేవని చెప్పింది. ఆమెకంటే తీసిపోకూడదని తర్వాతి ఆవిడ, తాము అడగడమే కాక తిరిగి వచ్చేటప్పుడు చెప్పి కూడా వచ్చేవాళ్ళమని చెప్పింది. మర్యాదలో ఒకరిని మించి ఒకరం. టెగ్వెన్ ముందు వరసలో కూర్చుని ఉంది. వెనకనుంచి ఆమె మెడ కొంచెం కొంచెంగా ఎర్రబడడం చూశాను గానీ ఉక్కపోత అనుకున్నాను.

సాయంత్రానికి అధికారి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి మెల్లగా చెప్పింది. అడిగి వెళ్ళినవాళ్ళు ఇంటివాళ్ళ దయతో వెళ్ళినట్టే. దయను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. హక్కు ఉన్నవాళ్ళు అడగరు. అడగకుండా నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆరు వారాల్లో తీసుకురమ్మంది.

బయటికి రాగానే హాలు మెట్ల మీద కూర్చుండిపోయాను. "నా నోటితోనే దారి మూశాను టెగ్. ఆ తాళం నేనే వేశాను."

"లే నెస్టా, మెట్లకు అడ్డం. రొట్టెలు ఇచ్చిన మాట నిజమే కదా. అబద్ధం చెప్పమని నేను ఎవరికీ ఫారం ఇవ్వలేదు."

మూడు రోజులు ఆమె ఇంట్లోంచి చప్పుడు లేదు. గోడకు చెవి పెట్టి చూశాను, కెటిల్ మోత తప్ప ఏమీ లేదు. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి, కూర్చోకుండానే అడిగింది.

"పూల ఆదివారం నాడు మీ ఆయన మలుపు దగ్గర ఎందుకు ఆగిపోయేవాడు?"

"పైపు నింపుకోవడానికి. మగాళ్ళందరూ అంతేగా."

"నెస్టా, మీ ఆయన ఏనాడైనా పైపు తాగాడా?"

గరిటె పక్కన పెట్టేశాను. దేవుడి తోడు, ఆ మనిషి జన్మలో పైపు ముట్టుకోలేదు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి, అందరి కిటికీల్లోకీ తొంగి చూసిన నేను నా మొగుడు ఒట్టి చేతులతో ఎటు చూస్తూ నిలబడ్డాడో చూసుకోలేదు.

అప్పుడు చెప్పింది. మా తాతల కాలంలో పలకరాతి క్వారీ యజమాని మూడేళ్ళు గేట్లు మూసి పనివాళ్ళను బయట నిలబెట్టిన సంగతి మా ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు. లొంగిపోయి పనిలోకి వెళ్ళిన కొద్దిమందికి తిండీ బొగ్గూ వెనకదారిన చేరవేసిన గుర్రబ్బండి ఎవరిదో మాత్రం మా తరం ఆడపిల్లల ముందు ఎవరూ అనేవారు కాదు. ఆ బండి హావొడ్‌ది. తోలింది టెగ్వెన్ తాత.

"క్వారీ ఆ కొండ అవతల కదా. గేట్లు మళ్ళీ తెరిచాక పనివాళ్ళు సోమవారం తెల్లవారుతుండగా వారానికి సరిపడా తిండి మూపున కట్టుకుని మా వాకిలి పక్కనుంచే వెళ్ళేవాళ్ళు. శనివారం మళ్ళీ అదే దారిన వచ్చేవాళ్ళు. మా నాయనమ్మ కిటికీ తెరిచి పలకరించేది. ఒక్కడంటే ఒక్కడు తల తిప్పేవాడు కాదు. గేటును మాత్రం ఇల్లదిరేలా వేసి పోయేవాళ్ళు. మీ అమ్మ మొదటిసారి రొట్టె పట్టుకొచ్చి, వెళ్ళొచ్చా అని అడిగిన రోజున మా నాయనమ్మ ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆడవాళ్ళు కలిపేసుకున్నారు. మగవాళ్ళు కలుపుకోలేదు. అడగనూ లేదు."

"ఆ మాట చెప్పడానికి ఇంకా ఎవరున్నారే?"

"ఎల్వెడ్ ఉన్నాడు."

ఎల్వెడ్ ఇల్లు పై వీధిలో చివరిది. డెబ్భై ఆరేళ్ళు, ఊపిరితిత్తుల నిండా పలకరాతి దుమ్ము. ముప్ఫై ఏళ్ళు టెగ్వెన్ ఆయనకు ఉత్తరాలు వేసింది. ఆమె వీధి మలుపు తిరిగాక గానీ తలుపు తెరిచేవాడు కాదు. క్రిస్మస్‌కు ఊరంతా పోస్టు మనిషిని లోపలికి పిలిచి ఏదో ఒకటి పెట్టేది. ఆ ఇంటి తలుపు మాత్రం పలకరాయిలా ఉండేది.

నన్ను రావద్దంది. నేను వెళ్ళలేదు. ఆమె వెనక పది అడుగుల దూరంలో నడిచాను, అంతే.

తలుపు కొట్టింది. చాలాసేపటికి ఎల్వెడ్ తెరిచాడు.

"ఉత్తరముంటే తలుపు కన్నంలో వెయ్యి."

"ఉత్తరం లేదండీ. మాటుంది."

"హావొడ్ వాళ్ళతో నాకు మాటల్లేవు."

"తెలుసు. అందుకే వచ్చాను. మా వాకిలి పక్కనుంచి మీరు ఎన్నేళ్ళు నడిచారు?"

ఆయన తలుపు అంచు పట్టుకుని ఊపిరి కూడగట్టుకున్నాడు. "ముప్ఫై తొమ్మిదేళ్ళు. క్వారీ మూసేదాకా."

"ఒక్కసారైనా మా వాళ్ళను అడిగారా?"

"మీ వాళ్ళనా?" ముసలాయన మొహం ఎర్రబడింది. "కాళ్ళు విరిగి ఆ గేటు ముందు పడున్నా అడగను!"

"ఈ మాటే, ఇదే గొంతుతో, హాల్లో చెప్పాలి."

ఆయన ఆమెను మొదటిసారి తిన్నగా చూశాడు. "ఎందుకు అడగలేదంటాడు ఆ ప్లీడరు."

"అంటాడు."

"అప్పుడు మీ తాత పేరు చెప్పాలి. బండి సంగతి చెప్పాలి. పేపరువాళ్ళు రాసుకుంటారు. ముప్ఫై ఏళ్ళు ఈ మెట్లెక్కీ దిగీ ఆ పేరు వదిలించుకున్నావు. నేను కిటికీలోంచి చూళ్ళేదనుకున్నావా?"

టెగ్వెన్ కొంచెం తడబడింది. నేను చూశాను. అయినా గొంతు మారలేదు. "పేరు మళ్ళీ వస్తే రానివ్వండి. దారి పోకూడదు."

"చెప్తున్నప్పుడు నువ్వెక్కడుంటావు?"

"ముందు వరసలో."

ఎల్వెడ్ తలుపు మూశాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. వెనక్కి తిరుగుతూ టెగ్వెన్ నాకేసి చూసి, "విన్నావుగా, ఇక ఇంటికి పద" అంది.

క్వారీలో పనిచేసిన మరో ముసలాయన గ్రిఫ్‌ను కూడా అడిగింది. "పోయినవాళ్ళను పడుకోనీ" అని ఆయన తప్పుకున్నాడు. ఇస్లుయిన్ అయితే కర్రపట్టుకుని వచ్చి మా వీధంతా వినపడేలా అరిచాడు.

"తాత పరువు హాల్లో పెడతావా అక్కా? నాన్న చచ్చేదాకా దాచుకున్నాడే!"

"నాన్న దాచాడు. నేను మోశాను. ఇక దింపుతాను."

"నువ్వొక్కదానివేనా, నేను కూడా హావొడ్ వాడినే. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పొలం అమ్మేటప్పుడు ఎక్కడ పెట్టుకున్నావో అక్కడే పెట్టుకో."

తమ్ముడు రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె బతిమాలనూ లేదు.

రెండో విచారణ రోజున వాన. పది దాటినా ఎల్వెడ్ జాడ లేదు. ప్లీడరు చేతిగడియారం చూసుకున్నాడు. అధికారి కాగితాలు సర్దుతుండగా హాలు తలుపు తెరుచుకుంది. చాపెల్‌కు వేసుకునే కోటు, మెడ దాకా బొత్తాలు, తడిసిన టోపీ. వీధి చివరినుంచి హాలు దాకా మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకుని వచ్చాడట. ఇంగ్లీషులో కాదు, మా భాషలోనే చెప్తానన్నాడు. మాట మాటకూ తర్జుమా చేయడానికి ఒకాయన పక్కన నిలబడ్డాడు.

ముప్ఫై తొమ్మిదేళ్ళు, వారానికి రెండుసార్లు, ఎవరినీ అడక్కుండా నడిచానని చెప్పాడు. తనకు ముందు తన తండ్రి కూడా అలాగే నడిచాడన్నాడు.

"కనీసం మర్యాదకైనా అడగలేదా?" అన్నాడు ప్లీడరు.

"లేదు."

"ఈ ఊరివాళ్ళు చాలా మర్యాదస్తులని విన్నాం. మీరెందుకు అడగలేదు?"

ఎల్వెడ్ టెగ్వెన్ వైపు చూశాడు. హాల్లో అందరూ చూశారు. ఆమె ఒడిలో చేతులు కదపలేదు. "చెప్పండి" అంది, అందరికీ వినపడేలా.

చెప్పాడు. మూసిన గేట్లు, మూడు చలికాలాలు, గుర్రబ్బండి, తోలినవాడి పేరు. రెండో చలికాలంలో పొయ్యిలో బొగ్గు లేక తన అక్క లౌరి పోయిందని చెప్పాడు. ఆరేళ్ళది. "నేను చూడను కూడా లేదు, నేను పుట్టకముందు సంగతి. ఆ బొగ్గు బండి మా ఇంటి వెనకనుంచే పోయిందని మా అమ్మ చెప్పేది. ఆ గుమ్మం వైపు చూడొద్దన్నాడు మా నాన్న. చూళ్ళేదు. చూడనివాణ్ణి వెళ్ళి అడుగుతానా? ఆ దారి వాళ్ళు ఇచ్చింది కాదు. మేము నడిచింది."

తర్జుమా ఆయన చివరి మాట దాకా చెప్పాడు. అప్పుడు వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. గ్రిఫ్. పిలవకుండానే లేచాడు. "నేనూ అడగలేదు. రాసుకోండి."

తర్వాత టెగ్వెన్‌ను పిలిచారు. మీ ఇంటివాళ్ళు వాళ్ళను ఎప్పుడైనా ఆపారా అని అధికారి అడిగింది.

"లేదండీ. మా నాయనమ్మ ప్రతి సోమవారం కిటికీ తెరిచి పలకరించేది. వాళ్ళు పలికేవారు కాదు. ఆపే మొహం మాకు లేదు, ఆపలేదు."

ఒక్క అక్షరం వణకలేదు. నాకు మాత్రం ఏడుపు హ్యూ రుమాలు తీసుకోవాల్సి వచ్చింది.

అక్టోబరులో కౌంటీనుంచి ఉత్తరం వచ్చింది. అది తెచ్చిన పోస్టు కుర్రాడి చేతిలోంచి ముందు నేనే లాక్కోబోయాను, టెగ్వెన్ ఇవ్వనివ్వలేదు. నిలబడే చదివింది. దారిని మ్యాపులో వేశారు. హార్గ్రీవ్ గొలుసు తీసేయాలి. ఉత్తరం మడిచి పాత సంచీలో పెట్టి, బూట్లు వేసుకుని, ఆ క్షణమే కొండెక్కింది.

పేపర్లో తాత పేరు పడింది. కొందరు మళ్ళీ హావొడ్ టెగ్వెన్ అనడం మొదలుపెట్టారు, కొందరు మరిచిపోయి, కొందరు కావాలని. ఇప్పుడు ఆ పేరుతో పిలిస్తే ఆగి, "ఏం కావాలి?" అంటుంది. రెండు పేర్లకూ పలుకుతుంది.

తర్వాతి పూల ఆదివారం అరవై మందికి పైగా బయలుదేరాం. అంతమందిని నేను ఎన్నడూ చూడలేదు. హావొడ్ గుమ్మంలో హార్గ్రీవ్ కుక్కలను పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఏం చేయాలో తెలియనట్టు. నా చేతిలో బారా బ్రిత్ ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది, ఆయన దగ్గరికి వెళ్ళి, "దాటి వె..." అన్నాను. టెగ్వెన్ నా మోచేయి గిల్లింది, ఇప్పటికీ మచ్చ ఉందంటే నమ్మండి.

"రొట్టె ఇవ్వు. అడగకు."

ఇచ్చాను. ఆయన రొట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది దేనికి?"

"తినడానికి," అన్నాను.

మగవాళ్ళు ఈసారి మలుపు దగ్గర ఆగలేదు. గుమ్మం వైపు చూడనూ లేదనుకోండి, కానీ ఆగలేదు. అందరికంటే వెనక ఎల్వెడ్ ఒక బకెట్టుతో వస్తున్నాడు. దింపుడు రాయి దాకా వచ్చి, బకెట్టు దాని మీద పెట్టి, పక్కనే కూర్చుండిపోయాడు. రొమ్ములో ఈల మోగుతోంది. ఇంకా సగం కొండ ఉంది. టెగ్వెన్ వెనక్కి వచ్చి రాయి రెండో కొసన కూర్చుంది. ఇద్దరూ కొండ కిందికే చూస్తున్నారు. నేను బూటులో రాయి పడ్డట్టు నటిస్తూ దగ్గరలోనే ఆగాను.

"చర్చి ఆవరణలో ఉత్తర దిక్కు గోడ పక్కన," అన్నాడు ఎల్వెడ్. "చిన్న రాయి. మా నాన్నే చెక్కాడు, అక్షరాలు లోతుగా దిగలేదు. బ్రష్షుతో గట్టిగా రుద్దకు."

"రుద్దను."

ఆయన బకెట్టును ఆమె వైపు జరిపాడు. టెగ్వెన్ లేచి, ఒక చేత ఇద్రిస్ బకెట్టు, ఒక చేత లౌరి బకెట్టు పట్టుకుని, నీళ్ళు తొణక్కుండా కొండెక్కింది.